దురద తగ్గింది, చుక్కలు ఆగలేదు

ఎండలు ముదిరేసరికి కొందరు బడిపిల్లల కళ్ళు ఎర్రబడతాయి. తీగలా సాగే పుసులు, వెలుతురు చూడలేకపోవడం, అన్నిటికీ మించి దురద. పిల్లవాడు పిడికిలితో కన్ను నలుపుతూనే ఉంటాడు. వెర్నల్ కెరటోకంజంక్టివైటిస్ అనే ఈ అలర్జీ వేడి, పొడి వాతావరణంలో ఎక్కువ. మగపిల్లల్లో మరీ ఎక్కువ. చాలామందికి యుక్తవయసు దాటేసరికి దానంతటదే తగ్గిపోతుంది. చిక్కంతా ఆ మధ్య ఏళ్ళతోనే.

పై రెప్పను తిరగేసి చూస్తే లోపల గులకరాళ్ళు పరిచినట్లు బొడిపెలు కనిపిస్తాయి. రెప్ప వాల్చిన ప్రతిసారీ అవి నల్లగుడ్డును కప్పి ఉండే పారదర్శక పొరను, అంటే కార్నియాను, ఒరుసుకుంటాయి. దానికి తోడు ఇయోసినోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు వదిలే ప్రోటీన్లు కార్నియా పైపొర కణాలను చంపుతాయి. ఆ పైపొర మందం మిల్లీమీటరులో 20వ వంతు. మామూలుగా వారం పది రోజుల్లో పూర్తిగా కొత్తదవుతుంది. అలర్జీ ముదిరితే మాత్రం అక్కడ కోలగా పుండు పడి, అడుగున తెల్లటి పదార్థం పేరుకుని, ఎంతకీ మానదు. దాన్నే షీల్డ్ అల్సర్ అంటారు.

అలాంటప్పుడు స్టెరాయిడ్ చుక్కలు కార్నియాను నిజంగానే కాపాడతాయి. వాపు అణగి, పుండు మానే వీలు చిక్కుతుంది. కన్ను నలపడం తగ్గితే, కార్నియా పలచబడి ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్ ముప్పూ తగ్గుతుంది. స్టెరాయిడ్ పేరు వినగానే బెదిరిపోయి, డాక్టరు రాసిన మందు వేయకపోవడం కూడా తప్పే.

అయితే గాయాన్ని కప్పడానికి పైపొర కణాలు జరిగే వేగాన్ని ఆ మందే తగ్గిస్తుంది. కింది పొరలో కొల్లాజెన్ తయారీని మందగింపజేస్తుంది. కంటి రక్షణ సడలడంతో హెర్పిస్ వైరస్‌కూ ఫంగస్‌కూ దారి దొరుకుతుంది. కోతల రోజుల్లో తాతయ్య కంటికి వరి ఆకు గీసుకుంటే, "మనవడికి బాగా పనిచేసింది కదా" అని అదే సీసాలోంచి రెండు చుక్కలు వేసే ఇళ్ళున్నాయి. ఎరుపు తగ్గినట్టే కనిపిస్తుంది, లోపల ఫంగస్ పాకుతూ ఉంటుంది. చివరికి కంట్లో పువ్వు మిగులుతుంది.

కంటి ఒత్తిడి సంగతి ఇంకా మోసకారి. మామూలు ఒత్తిడి 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం. కంటిలోని ద్రవం బయటికి పోయే దారిలో స్టెరాయిడ్ వల్ల అడ్డు ఏర్పడి ఒత్తిడి పెరుగుతుంది. వారాల తరబడి చుక్కలు వాడితే సుమారు మూడోవంతు మందిలో ఓ మోస్తరుగా, నూటికి ఐదుగురిలో బాగా పెరుగుతుందని 1960ల్లో ఆర్మలీ, బెకర్ అనే కంటి వైద్యుల పరిశోధనలు చూపాయి. పిల్లల్లో ఇంకా త్వరగా పెరగవచ్చు. చాలామందిలో మందు మానితే ఒత్తిడి దిగుతుంది. ఆ ఒత్తిడికి దెబ్బతిన్న దృష్టినాడి మాత్రం కోలుకోదు. శుక్లాలు అదనం. వీటిలో ఏదీ నొప్పి పెట్టదు. ఒక్క రోజులో సుఖమిచ్చిన సీసాను పక్కన పెట్టమంటే ఏ తల్లికైనా మనసొప్పదు మరి.

అందుకే నిపుణులు స్టెరాయిడ్‌ను కొద్ది రోజులకే రాసి, మెల్లగా తగ్గిస్తూ ఆపేస్తారు. ఆ తర్వాత అలర్జీని అణిచే ఓలోపటడిన్ వంటి చుక్కలు, తీవ్రత ఎక్కువైతే స్టెరాయిడ్ కాని సైక్లోస్పోరిన్ చుక్కలు లేదా టాక్రోలిమస్ లేపనం. యాంటీబయాటిక్ అనుకుని షాపులో కొన్న సీసాలోనూ స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చు. లేబుల్ మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అన్న పేర్లలో ఏది కనిపించినా, పిల్లవాడికి ఎన్నాళ్ళుగా వేస్తున్నారో డాక్టరుకు చెప్పి, కంటి ఒత్తిడి కొలవమని అడగండి.