నిప్పురవ్వ ఎక్కడ ఆగింది?

పాత పెట్రోల్ అంబాసిడర్ నడిరోడ్డు మీద ఆగిపోతే చుట్టూ చేరినవాళ్లు తలా ఒక మాట చెబుతారు. ఒకరు ప్లగ్గులు మార్చమంటారు, ఇంకొకరు కాయిల్ పోయిందంటారు, మరొకాయన కార్బొరేటర్ విప్పబోతాడు. ఆ సమయంలో ఏదీ మార్చకూడదని నేను గట్టిగా నమ్ముతాను. కరెంటు నడిచే దారి ఒక్కటే. అది ఎక్కడ తెగిందో వెతుక్కుంటూ పోవాలి.

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే బ్రిటిష్ కారుకు మన రూపమే అంబాసిడర్. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 2014 దాకా తయారైంది. అందులో ఎన్నో ఏళ్లు నడిచిన 1489 సీసీ పెట్రోల్ ఇంజన్‌కూ, ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారు ఇంజన్‌కూ వంశం ఒకటే. ఇగ్నిషన్, అంటే సిలిండర్‌లోని పెట్రోల్‌ను ప్లగ్ నిప్పురవ్వతో వెలిగించే పద్ధతి, ఇంకా పాతది. అమెరికా ఇంజనీరు చార్లెస్ కెటరింగ్ దాన్ని కాడిలాక్ కార్ల కోసం 1910 ప్రాంతంలో రూపొందించాడు.

బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. ప్లగ్ కొనల మధ్య సందు సుమారు 0.6 మిల్లీమీటర్లే. అయినా సిలిండర్‌లో నొక్కుకుపోయిన గాలిని చీల్చుకుని రవ్వ ఎగరాలంటే వేల వోల్టులు కావాలి. ఆ పని కాయిల్‌ది. లోపల లావు తీగ కొన్ని వందల చుట్లు, వెంట్రుక లాంటి సన్న తీగ వేల చుట్లు ఉంటాయి. ఒక్కో ప్లగ్‌కు వంతులవారీగా కరెంటు పంచేది డిస్ట్రిబ్యూటర్. అందులో స్విచ్‌లా తెరుచుకుని మూసుకునే పాయింట్లు మూసుకున్నప్పుడు లావు తీగలో సుమారు 4 ఆంపియర్ల కరెంటు పారి, అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. ఇంజన్‌తో పాటు తిరిగే క్యామ్ అనే గట్ల ఇరుసు పాయింట్లను తెరవగానే ఆ క్షేత్రం కుప్పకూలుతుంది, సన్న తీగలో వేల వోల్టులు లేస్తాయి. బోరు పైపులో వేగంగా పోయే నీటిని వాల్వుతో టక్కున ఆపితే పైపు ఎలా అదురుతుందో, ఇదీ అలాంటిదే. ఈ నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే ఇది సెకనుకు 100 సార్లు జరగాలి.

ఇందులో ‘టక్కున’ అన్న మాటే ముఖ్యం. నీటిని మెల్లగా ఆపితే పైపు అదరదు. పాయింట్లు విడిపోయే క్షణంలో కరెంటు ఆగడానికి ఒప్పుకోదు, ఆ చిన్న సందులోంచే మంటలా దూకబోతుంది. అలా దూకితే అయస్కాంత క్షేత్రం నెమ్మదిగా చస్తుంది, ప్లగ్ దగ్గర రవ్వ నీరసపడుతుంది. దీన్ని ఆపేది బొటనవేలంత కండెన్సర్. ఆ క్షణంలో కరెంటును తనలోకి తీసుకుని పాయింట్లు శుభ్రంగా విడిపోనిస్తుంది. మొత్తం వ్యవస్థలో నాకు అన్నిటికంటే అందంగా కనిపించేది ఇదే. జనం అన్నిటికంటే ఆలస్యంగా అనుమానించేదీ ఇదే. పాయింట్లు మాటిమాటికీ కాలిపోతుంటే కొత్త పాయింట్లు కొనేముందు కండెన్సర్‌ను చూడాలి.

ఇక వెతుకులాట. ముందుగా డిస్ట్రిబ్యూటర్ మూత మధ్యలోకి వచ్చే లావు వైరు ఊడదీసి, ఇన్సులేషన్ ఉన్న పటకారుతో పట్టుకుని, కొనను ఇంజన్ ఇనుముకు 5, 6 మిల్లీమీటర్ల దూరంలో ఉంచి సెల్ఫ్ కొట్టించాలి. దగ్గర్లో పెట్రోల్ చెమ్మ ఉండకూడదు. టపటపమని నీలి రవ్వ ఎగిరితే కాయిల్, పాయింట్లు, కండెన్సర్ అప్పటికి పని చేస్తున్నట్టే. అంత రవ్వ ఉండీ ప్లగ్గులకు చేరడం లేదంటే తప్పు మూత కింద తిరుగుతూ కరెంటు పంచే రోటర్‌లోనో, మూతలోనో, ప్లగ్ వైర్లలోనో ఉంది. వానాకాలంలో మూత లోపల చెమ్మ పడుతుంది, పొడిబట్టతో తుడిస్తే చాలాసార్లు బండి లేస్తుంది. మూతలో పెన్సిల్ గీత లాంటి నల్లచార కనిపిస్తే మాత్రం మూత మార్చాల్సిందే.

రవ్వ అసలే లేకపోతే 12 వోల్టుల వైపు చూడాలి. కాయిల్ నుంచి పాయింట్లకు వెళ్లే టెర్మినల్‌కూ బాడీకీ మధ్య చిన్న టెస్ట్ లైటు పెట్టి ఇంజన్ తిప్పించండి. లైటు వెలుగుతూ ఆరుతుంటే పాయింట్లు తెరుచుకుని మూసుకుంటున్నాయి. వెలిగే ఉంటే మూసుకోవడం లేదు, లేదా మసి అడ్డుపడింది. అసలు వెలగకపోతే కాయిల్‌కు కరెంటు రావడం లేదు, కాయిల్ లోపలి తీగ తెగింది, పాయింట్లు తెరుచుకోవడం లేదు, లేదా పాయింట్ల వైపు ఎక్కడో బాడీకి తగులుతోంది. పాయింట్లు బిగించేటప్పుడు చిన్న ఫైబర్ వాషర్ తప్పుగా పడినా ఇలాగే అవుతుంది.

మసిని తక్కువగా చూడొద్దు. 3 ఓమ్‌ల నిరోధం ఉన్న కాయిల్‌కు మసి వల్ల ఇంకో అర ఓమ్ తోడైతే కరెంటు 4 ఆంపియర్ల నుంచి దాదాపు 3.4కు తగ్గుతుంది. కాయిల్‌లో నిలిచే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, రవ్వకు అందే శక్తిలో పావు వంతు పోయినట్టే. పాయింట్ల సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. ఒక పాయింటు మీద బుడిపె, రెండోదాని మీద గుంట పడితే సందు కొలిచే పలుచని రేకు, ఫీలర్ గేజ్, బుడిపెకే తగిలి, నిజమైన సందు కంటే తక్కువ చూపిస్తుంది. క్యామ్‌ను రాసుకునే ఫైబర్ మడమ అరిగితే సందు తగ్గి రవ్వ ఆలస్యంగా పడుతుంది. బండి లాగదు, వేడెక్కుతుంది.

అన్నిటికంటే టెన్షన్ పెట్టేది వేడికి వచ్చే తప్పు. బండి అరగంట చక్కగా నడిచి ఆగుతుంది, చల్లారితే మళ్లీ లేస్తుంది. కాయిల్ లోపలి తీగ వేడికి సాగి విడిపోవచ్చు, కండెన్సర్ వేడిలోనే చెడవచ్చు. మండుటెండలో పైపులోని పెట్రోల్ ఆవిరైనా లక్షణాలు అచ్చం ఇవే. మర్నాడు ఉదయం షెడ్డులో పరీక్షిస్తే అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. అందుకే ఆగిన చోటే, బానెట్ ఇంకా కాలుతుండగానే రవ్వ చూడాలి. నీలి రవ్వ గట్టిగా వస్తుంటే పెట్రోల్ వైపు వెళ్లండి. రాకపోతే మీ దగ్గరున్న వేరే కండెన్సర్ పెట్టి చూసి, తర్వాతే కాయిల్ మీద చెయ్యి వేయండి.