వెనక్కి వెళ్లిన విండో ఎక్కడుంటుంది?

ముందు వర్డ్ ఫైలు, దాని కింద ఎక్సెల్, అడుగున బ్రౌజరు. చూడ్డానికి ఒకదానిమీద ఒకటి పేర్చినట్టే ఉంటాయి. కానీ తెరకు లోతెక్కడిది? ఉన్నది ఒకే పొరగా పరిచిన పిక్సెళ్లే, అంటే రంగు చుక్కలే. ఏది పైన, ఏది కింద అన్నది ఆపరేటింగ్ సిస్టమ్ రాసిపెట్టుకునే జాబితా. మనం క్లిక్ చేసిన విండో ఆ జాబితాలో పైకొస్తుంది, అంతే.

మరి కప్పేసిన భాగం ఏమైనట్టు? చాలాకాలం అది ఎక్కడా ఉండేది కాదు. 1984లో వచ్చిన ఆపిల్ కంప్యూటరు మాకింటాష్‌కు మొత్తం మెమరీ 128 కిలోబైట్లు. అందులో ప్రతి విండో బొమ్మనూ దాచడం కుదిరే పని కాదు. పై విండో పక్కకు జరగ్గానే "ఈ ముక్క బయటపడింది, మళ్లీ గీసుకో" అని కింది ప్రోగ్రాముకు కబురు వెళ్లేది. ఆ ప్రోగ్రాము హ్యాంగ్ అయి ఉంటే గీసే నాథుడు లేడు. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో నెట్ సెంటర్లకు వెళ్లినవాళ్లకు గుర్తుండే ఉంటుంది: బిగుసుకుపోయిన విండో మీద ఇంకోదాన్ని లాగితే దాని అచ్చులు తోకలా మిగిలిపోయేవి.

బయటపడే ముక్క దీర్ఘచతురస్రంగానే ఉండాలని లేదు, మూలకు వంగి ఉండొచ్చు, రంధ్రాలతో ఉండొచ్చు. అలాంటి వంకర ఆకారాలను చకచకా లెక్కగట్టే పద్ధతిని కనిపెట్టింది ఆపిల్‌లో పనిచేసిన బిల్ అట్కిన్సన్. 1979లో జిరాక్స్ పార్క్ పరిశోధనశాలకు వెళ్లినప్పుడు, వాళ్లు దాన్ని ఎప్పుడో సాధించేశారనుకున్నాడు. నిజానికి వాళ్ల దగ్గర అది లేదు! మైక్రోసాఫ్ట్ మాత్రం 1985 నాటి తొలి విండోస్‌లో ప్రోగ్రాముల విండోలను పక్కపక్కనే సర్ది ఊరుకుంది. ఒకదానిమీద ఒకటి వేసుకునే వీలు 1987లో రెండో వెర్షన్‌తో వచ్చింది.

2001లో ఆపిల్ మ్యాక్ ఓఎస్ ఎక్స్, 2007లో విండోస్ విస్టా వచ్చాక కథ మారింది. ఒక్కో విండో బొమ్మ మెమరీలో విడిగా పూర్తిగా ఉంటుంది, అన్నిటినీ కలిపి తెరమీద పరచడం సిస్టమ్ పని. ఆల్ట్ పట్టుకుని ట్యాబ్ కొడితే వచ్చే చిన్న బొమ్మలు ఆ చలవే. అవి వచ్చే క్రమం కూడా గమనించండి, చివరగా వాడినవి ముందుంటాయి. అందుకే ఒక్కసారి కొట్టి వదిలేస్తే ఇప్పుడున్న విండోకు, దీనికి ముందు వాడినదానికి మధ్య తిరగొచ్చు. బిల్లు చూసి ఎక్సెల్‌లో అంకెలు ఎక్కించేవాళ్లకు ఇది చాలు. రెండూ ఒకేసారి కనబడాలంటే విండోస్ కీతో ఎడమ, కుడి బాణాలు నొక్కడమే మేలు. 2009లో విండోస్ 7 ఈ సదుపాయం తెచ్చినప్పుడు కొత్తగా అనిపించింది గానీ, 1985లో మైక్రోసాఫ్ట్ వాళ్లు చేసిన సర్దుబాటూ ఇలాంటిదే.