ముడి వేసి చూపించు

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

ఉద్యోగంలో చేరగానే పదిహేను రోజులు గదిలో కూర్చోబెట్టి, లావుపాటి పుస్తకం చేతికిచ్చి పంపే పద్ధతి తగ్గుతోంది. ఇప్పుడు అయిదు నిమిషాల వీడియోలు, ఫోన్‌లో ప్రశ్నలు, పక్కన ఒక సీనియర్, ప్రమాదమున్న పనులకు సిమ్యులేటర్. పని జరిగే చోటికే పాఠం వచ్చింది. చూడ్డానికి కొత్తగా ఉంది గానీ, ఇందులో పనికొచ్చే భాగం చాలా పాతది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ఫ్యాక్టరీలకు యంత్రం ముఖం చూడని వాళ్లు వేలాదిగా వచ్చారు. వాళ్లకు త్వరగా పని నేర్పడానికి 1940లో అక్కడి ప్రభుత్వం 'ట్రైనింగ్ విదిన్ ఇండస్ట్రీ' అనే కార్యక్రమం పెట్టింది. 1945లో ముగిసేలోపు అది 16 వేలకు పైగా కర్మాగారాలకు చేరింది. యుద్ధం తర్వాత జపాన్ వెళ్లి టయోటాలో పాతుకుపోయింది.

అందులో శిక్షకులు ఒక ముడితో మొదలుపెట్టేవారు. వేలాడే బల్బు హోల్డర్ లోపల రెండు తీగలతో వేసే ముడి అది. వైరు లాగినా ఆ లాగుడు స్క్రూల మీద పడకుండా ముడి దగ్గరే ఆగుతుంది. ముందు ఒకరికి నోటితో మాత్రమే చెప్పేవారు. ఆ మనిషి తీగలు పట్టుకుని దిక్కులు చూసేవాడు. ఇంకొకరికి మాటలేకుండా వేసి చూపేవారు. అతనికీ సాధారణంగా వచ్చేది కాదు. ఎదురుగా నిలబడి చూస్తే కుడి ఎడమలు కూడా తారుమారవుతాయి.

తర్వాత అసలు పద్ధతి. నేర్పేవాడు ముందుగా ఒక కాగితం మీద మూడు గళ్లు గీస్తాడు: మెట్లు, మెలకువలు, ఎందుకు. మొదట్లో గళ్లు రెండే, 'ఎందుకు' అనేది తర్వాత చేరింది. ఈ ముడికి మెట్లు అయిదే. తీగల్ని విడదీసి సాపు చెయ్యడం, కుడి తీగతో ఉచ్చు, ఎడమ తీగతో ఉచ్చు, కొన దూర్చడం, బిగించడం. మెలకువ ఏమిటంటే, కుడి ఉచ్చు వైరుకు ముందు నుంచి, ఎడమది వెనక నుంచి పోవాలి. రెండూ ఒకేవైపు పోతే ఆ ముడి రాదు. ఒకసారి మెట్లు చెబుతూ, మరోసారి మెలకువలు, మూడోసారి కారణాలు చెబుతూ చేసి చూపిస్తాడు.

అప్పుడు నేర్చుకునేవాడి వంతు. నేర్పేవాళ్లలో ఎక్కువమంది జారేది ఇక్కడే. "అర్థమైందా?" అంటే ఎవరైనా తలూపుతారు. చేయించాలి. తప్పు జరిగితే అక్కడికక్కడే ఆపాలి, లేకపోతే చేతికి ఆ తప్పే అలవాటవుతుంది. మళ్లీ చేస్తూ మెలకువలు, కారణాలు తన నోటితో చెప్పాలి. చెప్పలేకపోతే, చేతికొచ్చినా ఇంకా రానట్టే లెక్క.

ఇప్పటి వీడియో పాఠాలను ఈ కొలతతో చూడండి. చాలావాటిలో చెప్పడం, చూపడం ఉంటాయి, చేయించడం ఉండదు. తెరమీద నూరు శాతం పూర్తయిందని కనిపిస్తే, వీడియో చివరిదాకా నడిచిందనే అర్థం.

మరుపు సంగతి వేరే. జర్మనీలో ఎబ్బింగ్‌హాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాల వరసలు బట్టీపట్టి తన మీదే పరీక్ష చేసుకుని, 1885లో ఆ ఫలితాలు ప్రచురించాడు. ఒక రోజు గడిచాక మళ్లీ నేర్చుకుంటే, మొదట పట్టిన శ్రమలో మూడోవంతే కలిసొచ్చింది. మన పనికి అర్థం ఉంటుంది కాబట్టి ఇంత త్వరగా మరవం, కానీ మరుస్తాం. అందుకే మంచి సంస్థలు ఒకే రోజు ఎనిమిది గంటలు కూర్చోబెట్టకుండా మర్నాడు, వారానికి, నెలకు ఒక్కో ప్రశ్న పంపిస్తున్నాయి. జవాబు చూడకముందే గుర్తుతెచ్చుకోండి. ఆ తడుముకోవడమే పని చేస్తుంది.

కృత్రిమ మేధ సాయం అడిగేటప్పుడూ అంతే. ముందు మీ జవాబు రాసుకుని, తర్వాత దాని జవాబుతో పోల్చండి. ఇదివరకు కొత్తవాళ్లు చేతులు తిరగడానికి చేసిన చిన్న పనులే ఇప్పుడు దాని చేతికి పోతున్నాయి. ఈ లోటును సంస్థలు ఎలా పూడుస్తాయో నాకింకా నమ్మకం కుదరలేదు.

ఆ పాత పద్ధతిలో చివరి మెట్టు ఒంటరిగా పనిలో పెట్టడం. మొదట తరచుగా వచ్చి చూడాలి, క్రమంగా తగ్గించాలి. సందేహం వస్తే ఎవర్ని అడగాలో పేరు పెట్టి చెప్పాలి. చేరిన రోజు ఆ పేరు ఎవరూ చెప్పకపోతే మీరే అడిగి రాసుకోండి. లేకపోతే ఖాళీగా కనిపించినవాళ్లను అడుగుతారు. ఖాళీగా దొరికేవాడు చాలాసార్లు ఆ పని రానివాడే.

ఇట్లు,
మీ పెదనాన్న