ఫిల్మ్ ఆర్కైవ్‌లో ఉద్యోగం: అపోహలు - వాస్తవాలు

పాత సినిమా రీళ్లను భద్రపరిచే ఈ పనిలోకి రావాలనుకునే పిల్లలు తరచూ అడిగేవాటికి నాకు తెలిసిన జవాబులివి.

అపోహ: రోజంతా పాత సినిమాలు చూస్తూ కూర్చోవచ్చు.

చూసేది తక్కువ, తడిమేది ఎక్కువ. డబ్బా మూత తీయగానే ముందు వాసన పసిగడతాం. పుల్లటి వాసన కొట్టిందంటే అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ము చెడిపోవడం మొదలైనట్టే. దీన్ని వెనిగర్ సిండ్రోమ్ అంటాం. ఆ ఆవిరే ఫిల్మును మరింత తినేస్తుంది కాబట్టి ఆ డబ్బాను మిగతావాటికి దూరంగా పెడతాం. తర్వాత రివైండర్ మీద చేత్తో మెల్లగా తిప్పుతూ అంచు రంధ్రాలు ఎక్కడ చిరిగాయి, అతుకులు ఎక్కడ ఊడాయి, ఫిల్ము ఎంత కుంచించుకుపోయింది అన్నీ రాసుకుంటాం. వెయ్యి అడుగుల 35 ఎంఎం రీలు తెరమీద 11 నిమిషాలే ఆడుతుంది. బల్ల మీద మాత్రం దానికే ఒక పూట పట్టొచ్చు.

అపోహ: స్కాన్ చేశాక రీలుతో పనిలేదు.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టే మాట ఇదే. హార్డ్ డిస్కులు పాడవుతాయి. డిజిటల్ ఫైళ్లు దాచే ఎల్‌టీఓ అనే అయస్కాంత టేపు బాగానే ఉన్నా దాన్ని చదివే యంత్రం పాతబడిపోతుంది: ఎల్‌టీఓ-8 డ్రైవు రెండు తరాల కిందటి ఎల్‌టీఓ-6 టేపును చదవలేదు. అందుకే కొన్నేళ్లకోసారి అంతా కొత్త టేపులకు ఎక్కించాలి. చల్లగా, పొడిగా దాచిన నెగటివ్‌ను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే చాలు, బొమ్మ కనబడుతుంది. రేపు మెరుగైన స్కానర్ వస్తే మళ్లీ వెళ్లాల్సింది ఆ నెగటివ్ దగ్గరికే. దయచేసి పారేయకండి.

అపోహ: రెస్టరేషన్ అంటే రంగులు వేయడం.

1957 నాటి మాయాబజార్‌కు 2010లో రంగులద్దారు. అది ఆ సినిమాకు ఇచ్చిన కొత్త రూపం. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే వేసిన వెలుగునీడలు ఆనాడు తెరమీద ఎలా కనబడ్డాయో అక్కడికి చేరే ప్రయత్నమే రెస్టరేషన్. గీతలు తీస్తాం గానీ, ఫిల్ములో సహజంగా ఉండే సన్నటి నలుసులను, అంటే గ్రెయిన్‌ను తుడిచి ముఖాలను మైనపుబొమ్మల్లా చేయం.

అపోహ: ఇది టెక్నికల్ వాళ్ల పని, తెలుగు చదివినవాళ్లకు ఇక్కడ చోటు లేదు.

ఇది అసలు నిజం కాదు. ఆ రోజుల్లో మద్రాసులో తెలుగు, తమిళ సినిమాలు జంటగా తీసేవారు. 1955లో వచ్చిన మిస్సమ్మనే తీసుకోండి. తెలుగులో రామారావు, తమిళంలో జెమినీ గణేశన్, రెండింట్లోనూ సావిత్రి. పైగా బొమ్మ నెగటివ్ వేరు, సౌండ్ నెగటివ్ వేరు కాబట్టి బొమ్మ రీల్లో మాట వినబడదు. పేరు రాయని డబ్బాలో ఇలాంటి సినిమా బొమ్మ రీలొకటి దొరికిందనుకోండి. అందులో సావిత్రి ఒక్కతే ఉంటే అది ఏ భాషదని చెప్తాం? పెదాల కదలిక చూసి మాట పట్టుకోవాలి. గోడమీది బోర్డు, చేతిలోని ఉత్తరం చదవాలి. ఫిల్ము అంచున కొడాక్ వేసిన వృత్తాలు, చతురస్రాలు, త్రిభుజాలు ముడిఫిల్ము తయారైన సంవత్సరం చెప్తాయి. కానీ ఆ గుర్తులు 20 ఏళ్లకోసారి తిరిగొచ్చేవి. 1935దా 1955దా అన్నది నటుల ముఖాలు, చీరకట్టు, పాట వరస తెలిసినవాళ్లే తేల్చగలరు. కెమిస్ట్రీ, లైబ్రరీ సైన్స్ చదివినవాళ్లు ఎంత అవసరమో వీళ్లూ అంతే అవసరం. దొరకనిది వీళ్లే.

అపోహ: నేర్చుకోవాలంటే విదేశాలకే వెళ్లాలి.

అమెరికాలోని రోచెస్టర్‌లో 1996 నుంచి సినిమాలను భద్రపరచడం నేర్పే సెల్జ్‌నిక్ స్కూల్ ఉంది, వెళ్లగలిగితే మంచిదే. ఇక్కడ పాత సినిమాలను కాపాడే ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ అనే సంస్థ 2015 నుంచి వర్క్‌షాపులు పెడుతోంది. 2019లో హైదరాబాద్‌లోనే, అన్నపూర్ణ స్టూడియోస్‌లో జరిగింది. ఉద్యోగాలు మాత్రం తక్కువ, చాలావరకు ప్రాజెక్టు కాంట్రాక్టులే. ఇంట్లోవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పి రండి.

అపోహ: అటక మీద దొరికిన రీలును ప్రొజెక్టర్‌కెక్కించి చూస్తే ఏమిటో తెలిసిపోతుంది.

కుంచించుకుపోయిన ఫిల్మును యంత్రం పళ్లు చీల్చేస్తాయి. 1950ల తొలినాళ్లకు ముందుదైతే అది తేలిగ్గా అంటుకునే నైట్రేట్ ఫిల్ము కావచ్చు. అంటుకుంటే నీళ్లలో కూడా మండుతుంది. ఎండలో పెట్టకండి, బస్సులోనో కొరియర్‌లోనో పంపకండి. డబ్బా మీది రాతలను ఫొటో తీసి, ఏదైనా ఆర్కైవ్‌కు పంపి, వాళ్లు చెప్పేదాకా నీడలో ఉంచండి.