ఎర్మిన్‌ను ఎత్తుకున్న చెచీలియా

చి|| పెద్దమ్మడు, చిన్ని, బాబీలకు,

అమ్మమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీరంతా క్షేమమని తలుస్తాను.

చిన్ని ఫోన్‌లో పంపిన బొమ్మ చూశాను. "చేతిలో ముంగిసను పట్టుకున్న ఈ అక్క ఎవరు అమ్మమ్మా, మోనాలిసా చెల్లెలా?" అని అడిగావు. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. బాబీకి అర్థం కాని చోట పెద్దమ్మడు విడమరిచి చెప్పాలి.

ఆ అమ్మాయి మోనాలిసాకు ఏమీ కాదు. బొమ్మ వేసిన చెయ్యి మాత్రం ఒకటే, లియొనార్డో డావించీ. మోనాలిసా మొదలుపెట్టడానికి పదమూడేళ్ళ ముందు, 1489-90 ప్రాంతంలో, ఇటలీలోని మిలాన్ నగరంలో దీన్ని వేశాడు. అమ్మాయి పేరు చెచీలియా గల్లెరాని. 1473లో పుట్టి 1536లో పోయింది. అంటే అరవై ఏళ్ళు పైబడి బతికింది. బొమ్మలో మనకు కనిపించేది ఆమెకు పదహారేళ్ళ ప్రాయం. ఆ తర్వాత ఆమె బతికిన నలభై ఏళ్ళ పైమాట గురించే నాకు మీతో ఎక్కువ చెప్పాలని ఉంది.

ముందు బొమ్మను దగ్గరగా చూద్దాం. అక్రోటు చెక్క మీద వేసింది. ఎత్తు 54 సెంటీమీటర్లు, వెడల్పు 39. అమ్మాయి ఒళ్ళు ఒకవైపు తిరిగి ఉంది, మొహం ఇంకోవైపు తిప్పింది. అప్పుడే ఎవరో పిలిచినట్టు అటు చూస్తోంది. ఆ పిలిచిన మనిషి బొమ్మలో లేరు. చేతిలోని జంతువు చూపు కూడా అటే. ఆ రోజుల్లో మిలాన్‌లో పెద్దింటి ఆడవాళ్ళ బొమ్మలు వేస్తే మొహం పక్కనుంచి మాత్రమే కనిపించేట్టు, చూపు కదలకుండా వేసేవారు. పాత నాణేల మీద రాజుల తలలు చూసి నేర్చుకున్న పద్ధతి అది. లియొనార్డో ఆ పద్ధతిని పక్కనపెట్టి అమ్మాయి మెడ తిప్పించాడు. తలకు అంటుకుపోయినట్టున్న ఆ జుట్టు మీద పలచని మేలిముసుగు ఉంది. దాని జరీ అంచు కనుబొమల మీదికి వచ్చింది, చూశారా? నుదుటి చుట్టూ సన్నని నల్ల పట్టీ, మెడలో నల్లపూసల దండ, ఒక భుజం మీద నీలం కప్పు. మెడలో బంగారం లేదు. అప్పట్లో మిలాన్‌లో స్పెయిన్ తరహా బట్టలు కొత్తగా మోజు.

కుడిచెయ్యి చూడండి. జంతువు వీపు మీద ఎంత తేలిగ్గా వాలిందో! వేళ్ళ కణుపులు, గోళ్ళు విడివిడిగా తెలుస్తాయి. లియొనార్డో మనిషి ఎముకలను, నరాలను పట్టుదలగా చదివినవాడు. ఆ చదువంతా ఈ చేతిలో ఉంది. చెక్క మీద గీత ఎలా దించాడో కూడా కనిపెట్టారు. మగ్గం వర్క్ చేసేవాళ్ళు ట్రేసింగ్ పేపరు మీద గీసిన డిజైను వెంట సూదితో చిల్లులు పొడిచి, పొడి రుద్ది, బట్ట మీదికి దించుతారే, అచ్చం అలాగే. ఆ చుక్కలు రంగుల అడుగున ఇంకా ఉన్నాయి. రంగు ఆరకముందు ఆయన వేలితో అద్దిన ముద్రలు కూడా అక్కడక్కడ కనిపించాయి. నల్లగా ఉన్న ఆ వెనకభాగం మాత్రం ఆయన వేసింది కాదు. మొదట అది బూడిద కలిసిన నీలం. తర్వాతి కాలంలో ఎవరో నల్లరంగు పూశారు.

ఇక ఆ జంతువు. అది ముంగిస కాదు చిన్నీ, ఎర్మిన్. చలిదేశాల్లో ఉంటుంది. ఎండాకాలం గోధుమరంగులో ఉండి, చలికాలం వచ్చేసరికి తోక కొస తప్ప ఒళ్ళంతా తెల్లబడుతుంది. మన కోరింగ మడ అడవుల్లో తిరిగే నీటికుక్కలు దీని కుటుంబానికి చెందినవే. ఎర్మిన్ తన ఒంటికి బురద అంటించుకోవడం కన్నా వేటగాడికి దొరికిపోవడమే మేలనుకుంటుందని అప్పటివాళ్ళు నమ్మేవారు. లియొనార్డో కూడా ఆ నమ్మకాన్ని తన నోటుపుస్తకంలో రాసుకున్నాడు. అందుకని అది శుభ్రతకు, నిగ్రహానికి గుర్తు. ఇంకో గుర్తు కూడా ఉంది. 1488లో నేపుల్స్ రాజు, మిలాన్‌ను ఏలుతున్న లుడోవికో స్ఫోర్జాకు 'ఎర్మిన్' అనే బిరుదు ఇచ్చాడు. ఆ లుడోవికోయే ఈ బొమ్మ వేయించింది. అసలు ఎర్మిన్ ఇంత పెద్దగా ఉండదు. బొమ్మలో దాన్ని పెంచి, కండలు తేల్చి వేయడం వెనక ఆ దొర పేరు ఉందని చాలామంది పండితులు అంటారు. నాకూ అదే సబబనిపిస్తుంది.

ఆ దొర దగ్గరికి చెచీలియా ఎలా వచ్చింది? ఇక్కడ పెద్దమ్మడు కాస్త నెమ్మదిగా చదవాలి.

చెచీలియా తండ్రి ఫాజియో మిలాన్ కొలువులో ఉద్యోగి. జమీందారు కాదు గానీ రాయబారిగా పనిచేసిన మనిషి. తల్లి మార్గెరీతా ఒక న్యాయశాస్త్ర పండితుడి కూతురు. ఇంట్లో ఆరుగురు మగపిల్లలు. వాళ్ళతోపాటే కూర్చోబెట్టి ఈ పిల్లకూ లాటిన్, సాహిత్యం చెప్పించారు. తర్వాతి జీవితమంతా ఆమెను నిలబెట్టింది ఆ చదువేనని నేను గట్టిగా నమ్ముతాను. ఆమెకు ఏడేళ్ళప్పుడు తండ్రి పోయాడు. పదో ఏట, 1483లో, విస్కోంతి ఇంటి కుర్రాడితో పెళ్ళి నిశ్చయం చేశారు. నాలుగేళ్ళకు ఆ సంబంధం తప్పిపోయింది. 1489 నాటికి లుడోవికో కన్ను ఆమె మీద పడింది. అతనికి ముప్పై ఏడేళ్ళు. అన్న కొడుకు పేరు చెప్పి రాజ్యాన్ని గుప్పిట్లో పెట్టుకున్నవాడు. అతనికి అప్పటికే ఫెరారా రాజ్యపు ఆడపిల్ల బెయాత్రిచేతో పెళ్ళి ఖాయమై ఉంది. అయినా చెచీలియాను తన కోటలో ఉంచుకున్నాడు.

దీన్ని గొప్ప ప్రేమకథగా రాసినవాళ్ళున్నారు. నేనలా చెప్పను. తండ్రి లేని పదహారేళ్ళ పిల్ల, ఎదురుగా నగరాన్నంతా శాసించే మగవాడు. "కాదు" అంటే ఏమవుతుందో ఆ పిల్ల ఇంటివాళ్ళకు తెలుసు. ఆమె మనసులో ఏముందో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. అతను మాత్రం ఆమెను ఇష్టపడ్డాడని, కొలువులో అందరికీ ఆ సంగతి తెలుసని ఫెరారా రాయబారి రాసిన లేఖలు చెబుతాయి. "పువ్వులా అందంగా ఉంది" అని ఆమె గురించి ఆ రాయబారే రాశాడు. అప్పటికి ఆమె గర్భవతి.

1491 జనవరిలో లుడోవికోకు, బెయాత్రిచేకు పెళ్ళయింది. బెయాత్రిచే కోటకు వచ్చింది. ఆమెకూ పదిహేనేళ్ళే! ఒకే కోటలో ఇద్దరు అమ్మాయిలు, మధ్యలో ఆ పెద్దమనిషి. చెచీలియాకు ఇచ్చినలాంటి జరీ దుస్తులే తనకూ ఇస్తే, ఆమె తొడుక్కున్నంతకాలం నేను తొడుక్కోనని బెయాత్రిచే పట్టుబట్టిందట. ఆ పట్టుదలలో తప్పేముంది? మే నెలలో చెచీలియాకు కొడుకు పుట్టాడు, పేరు చెజారే. మరుసటి ఏడాది జులైలో లుడోవికో ఆమెకు బెర్గమీని అనే కౌంటుతో పెళ్ళి చేయించి పంపేశాడు. భూములు ఇచ్చాడు, మిలాన్ నడిబొడ్డున ఒక మేడ ఇచ్చాడు. బొమ్మ కూడా ఆమె వెంటే వెళ్ళింది.

కొలువులో బెల్లించోని అనే కవి ఉండేవాడు. ఈ బొమ్మ మీద ఒక పద్యం చెప్పాడు. ప్రకృతికి లియొనార్డోను చూస్తే అసూయ పుట్టిందని, చెచీలియా వింటున్నట్టు ఉందే తప్ప మాట్లాడటం లేదని అందులో అన్నాడు. పద్యం బాగుంది. అయితే ఆమె మాట్లాడింది. ఆమె మాటే రాతలో మిగిలింది. నాకు బొమ్మ కన్నా ఆ రాతంటేనే ఎక్కువ ఇష్టం.

అది 1498 ఏప్రిల్. మాంటువా రాణి ఇసబెల్లా దెస్తె చెచీలియాకు ఉత్తరం రాసింది. ఈ ఇసబెల్లా ఎవరో తెలుసా? బెయాత్రిచేకు సొంత అక్క. అప్పటికి బెయాత్రిచే బతికి లేదు. ఏడాది కిందటే, 1497 జనవరిలో, పురుడు పోసుకుంటూ ఇరవై ఒక్క ఏళ్ళకే కన్నుమూసింది. చెల్లెలి కాపురంలో ముల్లులా కనిపించిన మనిషికి అక్క ఉత్తరం రాయడమంటే మాటలా! రాసిన విషయం మాత్రం బొమ్మల గురించే. ఆ రోజు జోవన్నీ బెల్లీనీ అనే వెనిస్ చిత్రకారుడి బొమ్మలు చూశామని, మాటల్లో లియొనార్డో ప్రస్తావన వచ్చిందని, ఇద్దరి పనితనాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చి చూడాలని ఉందని, మీ బొమ్మ వేశాడని గుర్తుంది కాబట్టి గుర్రం మీద వచ్చిన ఈ మనిషి చేతికి ఇచ్చి పంపమని, చూశాక తిరిగి పంపిస్తానని రాసింది. బొమ్మతోపాటు మీ మొహం మళ్ళీ చూసిన సంతోషం కూడా దక్కుతుందని కలిపింది.

26న రాసిన ఉత్తరానికి 29నే జవాబు. చెచీలియా బొమ్మ పంపింది. అది నా పోలికలతో ఉంటే ఇంకా సంతోషంగా పంపేదాన్ని అంది. లోపం చిత్రకారుడిది అనుకోవద్దు, ఆయనకు సాటి వచ్చేవాడు ఉన్నాడని నేను అనుకోను అంది. బొమ్మ వేసేనాటికి నాది ఇంకా పరిపక్వం కాని వయసు, ఆ తర్వాత నేను పూర్తిగా మారిపోయాను, బొమ్మనూ నన్నూ పక్కపక్కన నిలబెడితే అది నాదని ఎవరూ అనుకోరు అంది.

అప్పటికి ఆమెకు ఇరవై అయిదేళ్ళు! ముసలితనం వచ్చి అన్న మాట కాదు. తొమ్మిదేళ్ళలో ఆమె కోట విడిచింది, తల్లయింది, మరొకరికి భార్య అయింది, తన ఇంటికి తాను యజమానురాలయింది. రాణి మాట కాదనలేదు, చిత్రకారుడి గొప్పను తగ్గించలేదు, తన విలువనూ తగ్గించుకోలేదు. ఆ ఉత్తరంలో ప్రతి మాటా తూచి వేసినట్టుంటుంది. ఇసబెల్లా తర్వాత తన బొమ్మ కూడా లియొనార్డోతో వేయించుకోవాలని ఏళ్ళ తరబడి అడిగించింది. ఆయన పక్కనుంచి ఒక గీతబొమ్మ గీశాడు గానీ రంగుల్లో పూర్తిచేసి ఇవ్వలేదు.

మరుసటి ఏడాదే అంతా తలకిందులైంది. 1499లో ఫ్రాన్సు రాజు పన్నెండో లూయీ మిలాన్‌ను పట్టుకున్నాడు. లుడోవికో దొరికిపోయి, ఫ్రాన్సులో బందీగానే 1508లో చనిపోయాడు. చెచీలియా ఊరు విడిచి వెళ్ళింది ఎక్కడికో తెలుసా? మాంటువాకు, ఆ ఇసబెల్లా దగ్గరికే.

తర్వాత తిరిగొచ్చింది. ఆమె ఇల్లు ఎలా ఉండేదో బాందెల్లో అనే కథకుడు రాసిపెట్టాడు. సైనికులు యుద్ధవిద్య గురించి మాట్లాడుకునేవారట, సంగీతజ్ఞులు పాడేవారట, వాస్తుశిల్పులు, చిత్రకారులు గీసేవారట, తత్వవేత్తలు ప్రకృతి విషయాల మీద వాదించుకునేవారట, కవులు తమవీ ఇతరులవీ పద్యాలు వినిపించేవారట. చెచీలియా లాటిన్‌లోనూ ఇటాలియన్‌లోనూ పద్యాలు అల్లేదని, ఆ కాలపు గొప్ప కవయిత్రుల్లో ఒకతె అని అతను మెచ్చుకున్నాడు. ఆ పద్యాలేవీ మనదాకా రాలేదు. నాకు ఇది పెద్ద బాధ. మొహం ఇంత జాగ్రత్తగా దాచుకున్న లోకం ఆమె రాసినదాన్ని దాచలేదు. భర్త పోయాక క్రెమోనా దగ్గర సాన్ జోవన్నీ ఇన్ క్రోచే అనే పల్లెలో ఉన్న కోటలో చివరిదాకా గడిపింది. ఆ కోట ఇప్పటికీ ఉంది.

బొమ్మ ప్రయాణం క్లుప్తంగా చెబుతాను. 1800 ప్రాంతంలో పోలండ్ యువరాజు ఆడమ్ చార్టోరిస్కీ ఇటలీలో కొని తల్లికి ఇచ్చాడు. రష్యా మీద పోలండ్ వాళ్ళు చేసిన తిరుగుబాటు విఫలమయ్యాక బొమ్మ పారిస్ చేరింది, తర్వాత పోలండ్ నగరం క్రాకోవ్‌కు వచ్చింది. 1939లో జర్మన్లు ఎత్తుకుపోయారు. పోలండ్‌ను ఏలిన నాజీ అధికారి హాన్స్ ఫ్రాంక్ దాన్ని తన దగ్గర పెట్టుకుని, ఓడిపోయి పారిపోతూ వెంట తీసుకెళ్ళాడు. 1945లో బవేరియాలో అమెరికన్ సైనికులకు దొరికింది. మరుసటి ఏడాది క్రాకోవ్ చేరింది. 2016లో పోలండ్ ప్రభుత్వం ఆ కుటుంబం దగ్గర సేకరణ మొత్తాన్ని కొనేసింది.

చిన్నీ, బొమ్మను పెద్దది చేసి ఎడమవైపు పైమూల చూడు. అక్కడ 'లా బెల్ ఫెరొనియెర్' అని అక్షరాలుంటాయి. అది తప్పు. ఆ పేరుతో ఉన్నది వేరే బొమ్మ, పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. పోలండ్ చేరిన కొత్తలో ఎవరో ఊహించి రాశారు. కవి పద్యం, ఆ రెండు ఉత్తరాలు, చేతిలోని ఎర్మిన్, ఇవన్నీ జత చేసి 1900 ప్రాంతంలో గానీ పండితులు చెచీలియా పేరు తేల్చలేదు. ఇప్పటికీ పుస్తకాల్లో 'ఎర్మిన్‌తో ఉన్న మహిళ' అనే వేస్తారు. నీ స్క్రాప్‌బుక్‌లో ఈ బొమ్మ అతికించావంటే, కింద 'చెచీలియా గల్లెరాని, 1473-1536' అని గుండ్రంగా రాయి. పక్క పేజీ ఖాళీగా ఉంచు. ఇసబెల్లాకు ఆమె ఇచ్చిన జవాబును పెద్దమ్మడు తెలుగులో తన మాటల్లో రాసి నాకు పంపాలి, దిద్ది ఇస్తాను.

అమ్మానాన్నలను అడిగానని చెప్పండి.

మీ అమ్మమ్మ