గెయిన్ తగ్గించండి, రెండుసార్లు వాయించండి

చిరంజీవులకు పెదనాన్న ఆశీస్సులు.

మీరు పంపిన రికార్డింగు మూడుసార్లు విన్నాను. చేతులు బాగా తిరుగుతున్నాయి, రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే ఆ గిటార్ వరస) ఎక్కడా లయ తప్పలేదు. కానీ మీరే రాశారు కదా, కంప్యూటర్‌లో యాంప్‌లా పనిచేసే ప్లగిన్లు ఎన్ని మార్చినా పాత మెటల్ ఆల్బమ్‌లలో ఉన్న బరువు రావడం లేదని, గిటార్ కందిరీగల తుట్టెలా జుయ్యిమంటోందని. సరిగ్గానే పట్టుకున్నారు. ఆ జుయ్యిమనే చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో చెప్తాను. కాస్త పొడుగు ఉత్తరమే, గిటార్ పక్కన పెట్టుకుని చదవండి.

బ్లాక్ సబ్బత్ గిటారిస్టు టోనీ అయోమితో మొదలుపెడతాను, ఎందుకంటే ఆ శబ్దం పుట్టిందే ఆయన చేతుల్లో. బర్మింగ్‌హామ్‌లో పదిహేడేళ్ల వయసులో ఫ్యాక్టరీలో రేకులు కోసే యంత్రం కింద పడి ఆయన కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం, అంటే తీగలు నొక్కాల్సింది ఆ కుడిచేత్తోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. నొక్కడం తేలికవుతుందని సన్నని తీగలు వేసుకున్నాడు, అందుకు బాంజో తీగలు కూడా వాడాడు. 1971లో వచ్చిన 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'లో కొన్ని పాటలకు గిటార్ శ్రుతిని మూడు స్వరస్థానాలు కిందికి దించాడు. లేనీ యాంప్‌కు (గిటార్ శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్‌కు) ముందు రేంజ్‌మాస్టర్ అనే ట్రెబుల్ బూస్టర్ పెట్టేవాడు. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. అంత బరువైన శబ్దం సన్నని తీగల నుంచి, మంద్రాన్ని వదిలేసి పై స్వరాలను పెంచే ఒక చిన్న డబ్బా నుంచి వచ్చింది. ఈ సంగతి నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. మీకు అన్నేళ్లు పట్టకూడదనే ఈ ఉత్తరం.

డిస్టార్షన్ అంటే ఏమిటి? యాంప్ తన శక్తికి మించి పెంచబోయినప్పుడు ధ్వని తరంగాల శిఖరాలు తెగి చదునైపోతాయి. ఆ తెగినచోట మీరు వాయించని కొత్త స్వరాలు పుడతాయి. రెండు స్వరాలు కలిపి మీటితే, వాటి తేడాకు సమానమైన మూడో స్వరం కూడా పుడుతుంది. మీ గిటార్‌లో అన్నిటికన్నా మందపు తీగ 82 హెర్ట్జ్, దాని పంచమం సుమారు 123. తేడా 41. అది బేస్ గిటార్‌లో కింది తీగ స్థాయి! మెటల్‌లో షడ్జమ పంచమాలతో కట్టిన పవర్ కార్డ్ అంత గంభీరంగా మోగడానికి కారణం ఇదే. మధ్యలో గాంధారం చేర్చి చూడండి, పుట్టే కొత్త స్వరాలు ఒకదానితో ఒకటి పొసగక బురదలా కలిసిపోతాయి.

మంద్రం ఎక్కువగా లోపలికి పంపినా ఇదే గతి. మందపు తీగ కదలిక పెద్దది కాబట్టి యాంప్ ఓపికంతా అదే తినేస్తుంది, మిగతా స్వరాలు దానికింద నలిగిపోతాయి. అందుకే డిస్టార్షన్‌కు ముందే మంద్రాన్ని కొంత కోయాలి. రేంజ్‌మాస్టర్ చేసిన పని అదే. 1970ల చివర్లో వచ్చిన ట్యూబ్ స్క్రీమర్ పెడల్‌ను, అంటే కాలితో నొక్కే డబ్బాను, మెటల్ వాళ్లు వాడేదీ అందుకే. డ్రైవ్ (డిస్టార్షన్ మోతాదు) దాదాపు సున్నా, లెవెల్ (శబ్దం మోతాదు) పూర్తిగా పైకి. డిస్టార్షన్ పెడల్ అని కొని డ్రైవ్ సున్నాలో పెట్టడమేమిటని మీకు వింతగా తోచవచ్చు. పెట్టి, అరచేతి అంచును తీగలకు ఆనించి మీటి, అంటే పామ్ మ్యూట్ చేసి చూడండి. దబ్‌దబ్‌మని విడివిడిగా, గట్టిగా వస్తుంది.

ఇప్పుడు గెయిన్ సంగతి, అంటే డిస్టార్షన్ ఎంత ఉండాలో తేల్చే బటన్. మీ ప్లగిన్‌లో అది తొమ్మిది దగ్గర ఉందని పందెం కాస్తాను. ఐదుకు దించండి. ఒక్కటే వింటే చప్పగా ఉంటుంది, ఆ బాధ ఓర్చుకోండి. గెయిన్ పెరిగేకొద్దీ మెల్లగా మీటినా గట్టిగా మీటినా ఒకే మోతాదుగా వినిపిస్తుంది. పిక్ తీగను తాకే ఆ మొదటి దెబ్బ పోతుంది. బరువుగా వినిపించేది ఆ దెబ్బే. 1970ల నాటి రికార్డులు శ్రద్ధగా వినండి, మీరు ఊహించినదానికన్నా చాలా తక్కువ డిస్టార్షన్ ఉంటుంది.

మరి చిక్కదనం ఎలా వచ్చింది? ఒకే రిఫ్‌ను రెండుసార్లు వాయించారు. ఒకటి పూర్తిగా ఎడమకు, ఒకటి పూర్తిగా కుడికి. ఆజీ ఆస్‌బోర్న్ గిటారిస్టు ర్యాండీ రోడ్స్ 1980 నాటి 'బ్లిజార్డ్ ఆఫ్ ఆజ్'లో సోలోలను కూడా ఒకదానిపై ఒకటి పొరలుగా వాయించాడు. సోలో! ఒక్కో గమకాన్నీ మళ్లీ అదే చోట, అదే ఒడుపుతో. ఆ ఓపికను తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. మెటాలికా రికార్డుల్లో ఎడమా కుడీ వినిపించే రిథమ్ గిటార్లు ఎక్కువగా జేమ్స్ హెట్‌ఫీల్డ్ ఒక్కడివే, అందుకే అవి అంతగా అతుక్కున్నట్టు ఉంటాయి.

మీరు చేసినట్టు ఒక ట్రాకును కాపీ చేసి రెండోవైపు పెడితే లాభం లేదు. రెండు చెవులకూ అచ్చంగా ఒకే శబ్దం వెళ్తే మెదడుకు అది మధ్యలో ఉన్న ఒకే గిటార్, కాకపోతే కాస్త గట్టిగా. కాపీని కొన్ని మిల్లీసెకన్లు జరిపితే వెడల్పు వచ్చినట్టే ఉంటుంది గానీ, ఒకే స్పీకర్‌లో విన్నప్పుడు కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుని డొల్లగా మోగుతుంది. మనిషి రెండోసారి వాయించినప్పుడు వచ్చే వెంట్రుకవాసి తేడాలే ఆ చిక్కని శబ్దపు గోడను కడతాయి. ప్రతి టేకుకు ముందు శ్రుతి సరిచూసుకోండి. గట్టిగా మీటే చేతికి స్వరం కాస్త పైకి పోతుంది, కాబట్టి వాయించేటంత గట్టిగా మీటుతూ శ్రుతి చేయండి.

కందిరీగల దగ్గరికి వస్తున్నాను. నా మొదటి ఇంటి రికార్డింగులో డిస్టార్షన్ పెడల్ నుంచి వైరు తెచ్చి నేరుగా నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్‌లో గుచ్చాను. మీ రికార్డింగులో ఉన్న శబ్దమే అచ్చంగా వచ్చింది. నెలల తరబడి పెడల్‌దే తప్పనుకున్నాను. ఒకరోజు అదే పెడల్‌ను యాంప్‌కు తగిలించి, స్పీకర్ ముందు మైకు పెట్టి రికార్డు చేశాను. కందిరీగలు మాయం. పన్నెండంగుళాల గిటార్ స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక శబ్దాన్ని బాగా మింగేస్తుంది. తెగిన తరంగాల్లోంచి వచ్చే ఆ పైగరగర అంతా అక్కడే వడగట్టుకుపోతుంది. రికార్డుల్లో మనం ప్రేమించిన శబ్దం స్పీకర్ గుండా వచ్చి మైకులో పడినది. ఆ మైకు చాలాసార్లు 1965 నుంచి ఉన్న షూర్ ఎస్‌ఎం 57. దాన్ని స్పీకర్ నడిబొడ్డుకు గురిపెడితే పదును, అంచువైపు జరిపితే గుండ్రదనం. ఒక అంగుళం జరిపితే వచ్చే తేడా యాంప్ మీద బటన్లన్నీ తిప్పినా రాదు.

ఇంట్లో అంత చప్పుడు చేయలేరు కాబట్టి మీకు ఇంపల్స్ రెస్పాన్స్ ఫైళ్లు ఉన్నాయి. ఒక స్పీకరూ దాని ముందు పెట్టిన మైకూ శబ్దాన్ని ఎలా మారుస్తాయో పట్టి దాచిన అచ్చు అది. టోన్ నచ్చకపోతే ముందు ఆ ఫైలు మార్చండి, యాంప్ జోలికి తర్వాత వెళ్లండి. మీ రికార్డింగులో ఆ క్యాబినెట్ దశ, అంటే స్పీకర్ పెట్టెను అనుకరించే భాగం, ఆఫ్‌లో ఉండిపోయిందని నా అనుమానం, మొట్టమొదట అది చూడండి.

ఏ కాలపు టోన్ కావాలో తేల్చుకోవడం మీ ఇష్టం. 1981లో వచ్చిన మార్షల్ జేసీఎం 800 యాంప్ మోడల్ తీసుకుని ముందు ట్యూబ్ స్క్రీమర్ పెడితే ఆ దశాబ్దపు మెటల్ చాలావరకు దొరుకుతుంది. మెటాలికా 1986 నాటి 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' కావాలంటే మెసా బూగీ మార్క్ టూ సీ ప్లస్ యాంప్ వెతకండి, ఆ ఆల్బమ్‌ను కోపెన్‌హేగన్‌లో రికార్డు చేశారు. స్టాక్‌హోమ్ సన్‌లైట్ స్టూడియోలో పుట్టిన ఎంటూమ్డ్ బృందం ఆల్బమ్ 'లెఫ్ట్ హ్యాండ్ పాత్', 1990, నేను చెప్పిన నియమాలన్నిటినీ కాలదన్నిన రికార్డు. బాస్ హెచ్‌ఎం-2 పెడల్ బటన్లన్నీ చివరిదాకా తిప్పి వాయించిన రంపపు కోత అది. నాకు చాలా ఇష్టం, అయినా మీరు దాంతో మొదలుపెట్టవద్దు.

మధ్యస్థాయిని పూర్తిగా తీసేయకండి. తక్కువ శబ్దంలో వింటున్నప్పుడు చెవికి మంద్రమూ తారమూ సరిగా అందవు, అందుకని ఆ రెండూ పెంచి మధ్యది తగ్గించాలనిపిస్తుంది. తీరా డ్రమ్స్ కలిశాక గిటార్ కనిపించకుండా పోతుంది.

బేస్ గిటార్ వాయించారా? మీ రికార్డింగులో నాకు వినిపించలేదు. గిటార్‌లో 80, 90 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేసి, అదే రిఫ్‌ను బేస్ మీద పిక్‌తో వాయించి కింద పెట్టండి. మీరు గిటార్‌లో వెతుకుతున్న బరువులో సగం అక్కడుంది.

రికార్డు చేసేటప్పుడు ఇంటర్‌ఫేస్‌లో (గిటార్‌ను కంప్యూటర్‌కు కలిపే పెట్టెలో) గిటార్ కోసం ఉన్న ఇన్‌పుట్ ఎంచుకోండి, శిఖరాలు మైనస్ 12 డెసిబెల్ దగ్గర ఉండనివ్వండి. ఏ ఎఫెక్టూ లేని శుద్ధమైన గిటార్ ట్రాకును తప్పక దాచుకోండి. ఈసారి ఎడమదీ కుడిదీ రెండూ నాకు పంపండి, బేస్‌తో సహా. ఇక్కడ నా దగ్గరున్న క్యాబినెట్ ఫైళ్లతో వేసి చూసి, ఏది కుదిరిందో రాస్తాను. తీగలు కొత్తవి వేసే వాయించండి.

మీ పెదనాన్న