గుంటడు నిజంగా ఉమ్మనీరు తాగేశాడా?

ముహూర్తం కాన్పుల గొడవ మళ్లీ మొదటికొచ్చింది. శ్రీకాకుళం నర్సింగ్ హోమ్‌ల దగ్గర ఇది ఎప్పుడూ ఒకేలా నడుస్తుంది. మంచి ఘడియ చూసి పెద్దాపరేషన్ చేయిస్తారు. బిడ్డ పుట్టగానే డొక్కలెగరేస్తుంది, బాక్సులో పెడతారు. ‘గుంటడు ఉమ్మనీరు తాగేశాడు’ అంటారు ఆసుపత్రి వాళ్లు. ‘తాగేదాకా ఎందుకు ఉంచారు, ముందే తియ్యొచ్చు కదా’ అని ఇంటివాళ్లు నిలదీస్తారు. నొప్పులు రాకముందే ఆపరేషన్ జరిగిన కేసుల్లో చాలావరకు ఈ రెండు మాటలూ తప్పే.

రాష్ట్రంలో సిజేరియన్లు ఎలా పెరిగాయో కొత్తగా చెప్పక్కర్లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే 42.4 శాతం. అసలు సంగతి ఊపిరితిత్తుల్లో ఉంది.

కడుపులో బిడ్డ ఊపిరితిత్తుల నిండా నీరే ఉంటుంది. అది జబ్బు కాదు, ఉండాల్సిందే. బయటి ఉమ్మనీరే లోపలికి పోయి చేరుతుందని ఒకప్పుడు డాక్టర్లు కూడా అనుకునేవారు. నిజానికి లోపలి పొరలోని కణాలే దాన్ని ఊరిస్తాయి. అవి ఉప్పులో ఉండే క్లోరైడ్‌ను గాలి గదుల్లోకి వదులుతుంటే, వెంట నీరు వస్తుంది. మరి పుట్టేసరికి ఆ నీరంతా ఎక్కడికి పోవాలి? కాన్పు దారిలో ఛాతీ నొక్కుకుని బయటికొచ్చేస్తుందని చాలాకాలం చెప్పుకున్నారు. అదీ కొంత నిజమే.

లెక్క మారింది గొర్రెపిల్లల దగ్గర. బ్రిటన్‌లో ఆల్వర్, స్ట్రాంగ్, వాల్టర్స్ బృందం 1983లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఇంకా పుట్టని గొర్రెపిల్లలకు అడ్రినలిన్ ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు ఊరడం ఆగి, ఉన్న నీరు ఇంకడం మొదలైంది. నెలలు నిండేకొద్దీ ఆ ప్రభావం పెరిగింది. ఉప్పులోని సోడియం కణాల్లోకి వెళ్లే దారిని మూసే అమిలోరైడ్ మందు వేస్తే ఇంకడం ఆగిందని 1986లో తేలింది. 1990లో అప్పుడే పుట్టిన గినీ పందులకు అదే మందు వేసి చూస్తే వాటికి ఆయాసం వచ్చింది. 1996లో ఆ సోడియం ద్వారంలో ఒక ముఖ్యభాగం లేకుండా పుట్టించిన ఎలుకపిల్లలు ఊపిరితిత్తుల్లోని నీటిని ఇంకించుకోలేక 40 గంటల్లోపే చనిపోయాయి.

ఆ ద్వారం కణానికి గాలి వైపున ఉంటుంది. సోడియం అందులోంచి లోపలికి వస్తే, రక్తం వైపున్న పంపు మూడు సోడియం అయాన్లను బయటికి తోసి రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. ఉప్పు వెనకే నీరు. నౌపడ ఉప్పు మడుల్లో నీరు ఎగిరిపోయి ఉప్పు మిగులుతుంది కదా, ఇక్కడ ఉప్పే ముందు కదులుతుంది. మిగిలిన నీటిని బిడ్డ తొలి శ్వాసల బలం కూడా లోపలికి నెడుతుంది.

ఈ పనిని వేగంగా నడిపించేది నొప్పుల సమయంలో బిడ్డ ఒంట్లో పెరిగే అడ్రినలిన్. నొప్పులు రాకుండానే కోస్తే ఆ పెరుగుదల సరిగా ఉండదు. వారాలు తక్కువైతే ద్వారాలూ తక్కువే. అంటే ఆలస్యం చేశారని తిట్టిన చోట జరిగింది తొందర. 2009లో వచ్చిన అమెరికా అధ్యయనం ముందే సిజేరియన్ అయి, నొప్పులు రాకముందే మళ్లీ సిజేరియన్ చేయించుకున్న తల్లుల బిడ్డలను చూసింది. ఆయాసం, ఇన్ఫెక్షన్, రక్తంలో చక్కెర పడిపోవడం వంటి ఇబ్బందుల్లో ఏదో ఒకటైనా 39 వారాల్లో 8 శాతం మందికి, 38లో 11 శాతానికి, 37లో 15.3 శాతానికి వచ్చింది.

డాక్టర్ల మాట కూడా ఒకటుంది. ముహూర్తం ఇంటివాళ్లే తెస్తారు, కాదంటే పక్క ఆసుపత్రికి పోతారు అని. నిజమే కావచ్చు. కానీ ఎన్ని వారాలకు కోస్తున్నారో తెలిసినవాళ్లు వాళ్లే. సిద్ధాంతిగారి చీటీలో నిమిషాలు ఉంటాయి గానీ వారాలు ఉండవు.

బిడ్డ కడుపులోనే దొడ్డికెళ్లి ఆ నీరు ఊపిరిలోకి పోవడం, ఇన్ఫెక్షన్ రావడం వేరే జబ్బులు, వాటి కథ వేరు. నీరు ఇంకక వచ్చే ఆయాసం మాత్రం ఎక్కువమందిలో రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. ఆ రెండు మూడు రోజులు ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్న అమ్మమ్మలు, నాయనమ్మలు అడగాల్సినవి రెండే: ఆపరేషన్ నాటికి ఎన్ని వారాలు, నొప్పులు మొదలయ్యాయా లేదా. రెండూ కేస్ షీట్లో రాసే ఉండాలి.